బుకుసు భాషలో నామవాచకాల తరగతులు: ఏకవచనం నుంచి బహువచనానికి మెట్టు మెట్టుగా

తెలుగులో బహువచనం మాట తోకలో ఉంటుంది. చెట్టు, చెట్లు. ఆవు, ఆవులు. బుకుసులో అది మాట తలలో ఉంటుంది. చెట్టు ‘కుముసల’, చెట్లు ‘కిమిసల’. ఆవు ‘ఎఖఫు’, ఆవులు ‘చిఖఫు’. పైగా ఏ తల ఎక్కడ మారాలో అన్ని మాటలకూ ఒకే లెక్క కుదరదు. ఒక్కో గుంపుకి ఒక్కో జత ఉంటుంది. ఆ గుంపులనే నామవాచక తరగతులు అంటారు.

పశ్చిమ కెన్యాలో ఎల్గాన్ కొండ వాలుల్లో, బుంగోమా కౌంటీలో, పక్కనున్న ట్రాన్స్ ఎన్‌జోయాలో ఈ భాష వినిపిస్తుంది. మాట్లాడేవాళ్లు పది లక్షలకు పైనే. లుహ్యా అనే పెద్ద కుటుంబంలో ఇదొకటి. కొండకు అవతల ఉగాండాలో మాట్లాడే మసాబా దీనికి బాగా దగ్గరి చుట్టం. స్వాహిలీ, లుగాండా, జులూ లాగే ఇదీ ఆఫ్రికాలో విస్తరించిన బంటూ కుటుంబపు భాషే కాబట్టి, ఇక్కడ పట్టుబడిన కిటుకు మిగతా బంటూ భాషల్లో కూడా పనికొస్తుంది.

నేను మొదట తరగతుల పట్టిక గోడకి అంటించి బట్టీ పట్టాను. వారం తిరిగేసరికి పట్టిక మొత్తం అప్పజెప్పగలిగాను గానీ ‘రెండు ఆవులు’ అనమంటే నోరు పెగల్లేదు. అందుకే ఇక్కడ పట్టికతో మొదలుపెట్టను. ముందు మాటలు, మాటల జతలు.

మొదటి మెట్టు: చెవి, నోరు

మన లిపి ఈ భాషకి భలే సరిపోతుంది, ఎందుకంటే హ్రస్వ ఎ, ఒ మనకున్నాయి. రెండు అక్షరాల దగ్గర మాత్రం జాగ్రత్త. ఇక్కడ నేను ‘ఖ’ అని రాసింది మన ‘ఖడ్గం’లో ఖ కాదు. హైదరాబాద్ ఉర్దూలో ‘ఖబర్’, ‘ఖాన్’ అనేటప్పుడు గొంతులోంచి గీరుకుంటూ వచ్చే ఖ. రెండోది ‘బ’. రెండు అచ్చుల మధ్య పెదవులు పూర్తిగా మూసుకోవు. బ, వ ల మధ్య ఎక్కడో పలుకుతుంది. ‘మ్’ తర్వాత వస్తే మాత్రం మన బ లాగే గట్టిగా ఉంటుంది.

రోజువారీ బుకుసు రాతలో దీర్ఘాలు అన్నిసార్లూ చూపించరు. ఇక్కడ నేనూ మామూలు రాతనే అనుసరించాను. స్థాయి భేదం కూడా ఉంది, అంటే స్వరం ఎత్తు మారితే అర్థం మారొచ్చు. అది కాగితం మీద నేర్చుకునే విషయం కాదు, వినాల్సిందే.

రెండో మెట్టు: మాటని కోయడం

భాష పేరుతోనే మొదలుపెడదాం. మనిషి ‘ఒముబుకుసు’. జనం ‘బబుకుసు’. భాష ‘లుబుకుసు’. మారనిది ‘బుకుసు’. దాని ముందున్నది మారినప్పుడల్లా మనిషి, జనం, భాష అయిపోతున్నాయి. మారని దాన్ని మూలం అందాం, ముందున్నదాన్ని ముందుగుర్తు అందాం.

మనిషి అనే మాట ‘ఒముందు’. తెలుగువాడికి ఇది మరిచిపోలేని మాట, ఎందుకంటే గుర్తు ఎక్కడుంటుందో అందులోనే రాసి ఉంది: ముందు. మూలం ‘న్దు’. మనుషులు ‘బబందు’.

ఇక్కడే బుకుసు ప్రత్యేకత కనిపిస్తుంది. స్వాహిలీలో మనిషి ‘మ్తు’, మనుషులు ‘వాతు’. గుర్తు ఒక్క పొరే. బుకుసులో చాలా మాటలకి రెండు పొరలుంటాయి. ఒ-ము-న్దు, బ-బ-న్దు, కు-ము-సల, కి-మి-సల, క-మ-తోరె. మూలానికి అంటుకుని ఉన్నది లోపలి పొర, దానిమీద కప్పుకున్నది బయటి పొర. లోపలిది చొక్కా, బయటిది కోటు అనుకోండి. కోటు అవసరాన్ని బట్టి విప్పుతారు, ఎప్పుడు విప్పుతారో ఆరో మెట్టులో చూద్దాం. కొన్ని తరగతుల్లో రెండు పొరలూ ఒకేలా ఉండి ఒక్కటిగానే పలుకుతాయి. ‘సితబు’లో మనకి కనిపించేది ఒక్క ‘సి’.

ఒక చిన్న ఉపయోగం చెప్పాలి. చాలా బంటూ నిఘంటువుల్లో మాటలు మూలం మొదటి అక్షరాన్ని బట్టి ఉంటాయి. ‘కుముసల’ని క దగ్గర వెతికితే దొరకదు, స దగ్గర దొరుకుతుంది. కోయడం రానివాడికి నిఘంటువు కూడా పనికిరాదు.

మూడో మెట్టు: జతలు

తరగతులకి నంబర్లుంటాయి. 1860ల్లో విల్‌హెల్మ్ బ్లీక్ మొదలుపెట్టిన లెక్కని తర్వాత కార్ల్ మైన్‌హాఫ్ సవరించాడు. ఇప్పటికీ అన్ని బంటూ భాషలకీ అదే వాడతారు. ఒకటి నుంచి పది దాకా బేసి సంఖ్య ఏకవచనం, దాని పక్క సరి సంఖ్య బహువచనం.

1, 2: ఒము-, బబ-. మనుషుల జత. ఒముందు, బబందు. ఒముఖసి (స్త్రీ, భార్య), బబఖసి. ఒమ్వన (పిల్ల, పిల్లాడు), బబన. దీనికో ఉపగుంపు ఉంది, చుట్టాల పిలుపులు: పప (నాన్న), కుక (తాత), కుఖు (అమ్మమ్మ, నానమ్మ). వీటికి ఏకవచనంలో గుర్తే ఉండదు. బహువచనంలో ఒక్క ‘బ’ చాలు: బపప, బకుక, బకుఖు.

3, 4: కుము-, కిమి-. చెట్లు, కొన్ని శరీర భాగాలు, ఇంకా చాలా. కుముసల, కిమిసల. కుముఖొనొ (చెయ్యి), కిమిఖొనొ. కుముర్వె (తల), కిమిర్వె. కుమున్వ (నోరు), కిమిన్వ.

5, 6: లి-, కమ-. లితోరె (అరటిపండు), కమతోరె. లిబలె (రాయి), కమబలె.

7, 8: సి-, బి-. సీందు (వస్తువు), బీందు. సికెలె (కాలు), బికెలె. సితబు (పుస్తకం), బితబు.

9, 10: ఎ-, చి-. జంతువులు ఎక్కువ, బయటినుంచి వచ్చిన మాటలూ ఎక్కువే. ఎఖఫు, చిఖఫు. ఎంబ్వ (కుక్క), చింబ్వ. ఎంగొఖొ (కోడి), చింగొఖొ. ఎంజు (ఇల్లు), చింజు. ఎమొని (కన్ను), చిమొని. ఎమెస (బల్ల), చిమెస. ఈ చివరిది స్వాహిలీ ‘మెజ’ నుంచి వచ్చింది, మన మేజాబల్ల గుర్తొస్తుంది.

11: లు-. బహువచనం కోసం పదో తరగతికి పోతుంది. లులిమి అంటే నాలుక, భాష కూడా. బహువచనం ‘చినిమి’. ఇది మొదటిసారి చూస్తే అచ్చుతప్పు అనిపిస్తుంది, కాదు. తర్వాతి మెట్టులో విప్పుదాం.

వీటితో పాటు చిన్నవాటికి ‘ఖ-’ అనే గుర్తుంది, దానికి బహువచనం ‘బు-’. అదే ‘బు-’ తరగతిలో, అంటే 14లో, లెక్కపెట్టలేని మాటలు కూడా కూర్చుంటాయి: బుసుమ (మొక్కజొన్న పిండితో వండే గట్టి సంకటి, స్వాహిలీలో ఉగాలి), బులయి (మంచి, క్షేమం). ‘ఖు-’తో మొదలయ్యేవి క్రియల మూల రూపాలు.

ఆరో తరగతి దగ్గర కాసేపు ఆగాలి. నీళ్లు ‘కమెచి’, పాలు ‘కమబెలె’, నూనె ‘కమఫుర’. మూడూ బహువచన తరగతిలో ఉన్నాయి, మూడింటికీ ఏకవచనం లేదు. ఇంగ్లీషు పుస్తకాల్లో ఇదేదో వింతలాగా వివరిస్తారు. మనకేం వింత? ‘పాలు పొంగాయి’ అంటాం, ‘పాలు పొంగింది’ అనం. ‘నీళ్లు వచ్చాయా’ అనే అడుగుతాం. ఒక పాలు, రెండు పాలు అనే లెక్క మనకీ లేదు. ఎల్గాన్ కొండకీ గోదావరికీ ఏ చుట్టరికం లేకపోయినా రెండు భాషలూ పాలనీ నీళ్లనీ ఒకేలా చూశాయి. మనం నూనెని ఏకవచనంలో పెట్టుకున్నాం, అంతే తేడా.

ఇక ‘ఈ తరగతి అర్థం ఏమిటి’ అనే ప్రశ్న. 1, 2 మనుషులవి, అందులో అనుమానం లేదు. మిగతావాటిలో అర్థం సగం దూరమే తోడొస్తుంది. చెయ్యి మూడులో, కాలు ఏడులో, కన్ను తొమ్మిదిలో ఉన్నాయి. ఒకే ఒంట్లో మూడు తరగతులు. అర్థాన్ని పట్టుకుని ఊహించకండి, జతని పట్టుకోండి.

నాలుగో మెట్టు: బడిలో చదివిన సంధి

ఇ, ఉ, ఋ లకు అసవర్ణాచ్చులు పరమైతే య, వ, ర లు వస్తాయని బడిలో వల్లెవేశాం కదా, యణాదేశ సంధి. అను + ఏషణ = అన్వేషణ. అదే సూత్రం ఇక్కడ బుకుసులో ఉచితంగా పనిచేస్తుంది. ము + అన = మ్వన, అందుకే ‘ఒమ్వన’. ‘నా’ అనడానికి మూలం ‘అంగె’. దాని ముందు తరగతి గుర్తు పెట్టండి:

కు + అంగె = క్వంగె
కి + అంగె = క్యంగె
లి + అంగె = ల్యంగె
సి + అంగె = స్యంగె
బి + అంగె = బ్యంగె
లు + అంగె = ల్వంగె
బు + అంగె = బ్వంగె

గుర్తులో అకారం ఉంటే రెండు అకారాలూ కలిసిపోతాయి: బ + అంగె = బంగె, క + అంగె = కంగె. ఒకటో తరగతికి ‘వంగె’, తొమ్మిదికి ‘యంగె’, పదికి ‘చంగె’. చంగె దగ్గర య కూడా చ లో కరిగిపోయింది. ‘ఒమ్వన వంగె’ నా బిడ్డ. ‘బబన బంగె’ నా పిల్లలు.

రెండో రకం మార్పు 9, 10 తరగతులది. వీటి లోపలి పొర నిజానికి ఒక అనునాసికం, ‘న్’. మూలంలోని మొదటి హల్లుని బట్టి అది వేషం మారుస్తుంది. బ ముందు ‘మ్’ (ఎంబ్వ). ఖ ముందు పూర్తిగా మాయం (ఎఖఫు). ల ముందు ఉంటే ఆ ల నే డ లాంటి ధ్వనిగా మార్చి ‘ండ్’ అవుతుంది. మంచి అనే మూలం ‘లయి’. మంచి మనిషి ‘ఒముందు ఒములయి’, కానీ మంచి ఆవు ‘ఎఖఫు ఎండయి’, మంచి ఆవులు ‘చిఖఫు చిండయి’.

ఇప్పుడు ‘చినిమి’ని విప్పండి. లులిమి = లు + లిమి. పదో తరగతిలోకి తీసుకెళితే చి + న్ + లిమి. పై సూత్రం ప్రకారం ‘చిండిమి’ కావాలి. కానీ వెనకాలే ఇంకో అనునాసికం, ‘మ’, కాచుకుని ఉంది. వరసగా రెండు అనునాసికాలు వస్తే మొదటిదానికి అంటుకున్న డ రాలిపోతుంది. మిగిలింది చినిమి. లుగాండాలో కూడా ఇదే జరుగుతుంది: ఒలులిమి, ఎన్నిమి. మైన్‌హాఫ్ పేరుతో పిలిచే ధ్వనిసూత్రం ఇది. కన్ను కళ్లు, పన్ను పళ్లు, ఇల్లు ఇళ్లు అని ఆలోచించకుండా అనేసే మనం చినిమిని చూసి కంగారు పడనక్కర్లేదు.

ఐదో మెట్టు: ‘రెండు’ పరీక్ష

తరగతి అసలు పని మాటతోనే అయిపోదు. పక్కనున్న ప్రతి మాటా దానికి వంత పాడాలి. తెలుగులో దీని నీడ మాత్రమే ఉంది. ‘ఇద్దరు మనుషులు’ అంటాం, ‘రెండు చెట్లు’ అంటాం. మనుషులకొక అంకె, మిగతా లోకానికొక అంకె, మహత్తు అమహత్తు అని మన వ్యాకర్తలు చెప్పిందే. బుకుసులో రెండుకి మూలం ‘బిలి’, ప్రతి తరగతికీ దాని రూపం వేరు:

బబందు బబిలి (ఇద్దరు మనుషులు)
కిమిసల కిబిలి (రెండు చెట్లు)
కమతోరె కబిలి (రెండు అరటిపళ్లు)
బితబు బిబిలి (రెండు పుస్తకాలు)
చిఖఫు చిబిలి (రెండు ఆవులు)

చూడండి, అంకె తీసుకున్నది బయటి పొర ఒక్కటే. కిమి-సల నుంచి ‘కి’, కమ-తోరె నుంచి ‘క’. ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు ఇలా మారతాయి: లల, బిలి, తరు, నె, రనొ. ఐదుగురు మనుషులు ‘బబందు బరనొ’, ఐదు ఆవులు ‘చిఖఫు చిరనొ’.

ఏకవచనానికి ‘ఈ’ పెట్టి చూడండి. మూలం ‘నొ’. ఒముందు ఒనొ, కుముసల కునొ, లితోరె లినొ, సితబు సినొ, ఎఖఫు ఎనొ, లులిమి లునొ. బహువచనంలో బబందు బనొ, కిమిసల కినొ, కమతోరె కనొ, బితబు బినొ, చిఖఫు చినొ.

నా సలహా ఒక్కటే. ఏ కొత్త మాట ఎదురైనా ఒంటరిగా రాసుకోవద్దు. ఒక చీటీ మీద ఇలా రాయండి: ‘సితబు సినొ, బితబు బిబిలి’. ఈ పుస్తకం, రెండు పుస్తకాలు. నాలుగు మాటల్లో ఏకవచనం, బహువచనం, రెండింటి వంతపాట వచ్చేశాయి. నా గోడ మీది పట్టిక చేయలేని పని ఈ చీటీలు పది రోజుల్లో చేశాయి.

సితబు సంగతి వచ్చింది కాబట్టి దాని ప్రయాణం కూడా చెప్పాలి. అసలు అరబిక్ ‘కితాబ్’. అందులో ‘కి’ మూలంలో భాగమే. స్వాహిలీవాళ్ల చెవికి మాత్రం ఆ ‘కి’ తమ ఏడో తరగతి గుర్తులా వినపడింది. దాంతో కోసేశారు: కి-తాబు. బహువచనం వి-తాబు. బుకుసు దగ్గరికి వచ్చేసరికి ఏడో తరగతి గుర్తు ‘సి’ కాబట్టి ఆ ‘కి’ కూడా పోయి సి-తబు, బి-తబు అయింది. హైదరాబాద్ పాతబస్తీలో ‘కితాబ్’ అంటే ఈ మాటే. ఒకే మాట ఇక్కడ చెక్కుచెదరకుండా ఉంది, అక్కడ తల మార్చుకుంది.

ఆరో మెట్టు: వాక్యంలోకి

క్రియ కూడా కర్త గుర్తునే మోస్తుంది. కూలడం, పడడం ‘క్వ’. చెట్టు కూలింది: కుముసల క్వక్వ. ఇందులో కు + అ + క్వ ఉన్నాయి, మొదటి ‘క్వ’ మళ్లీ యణాదేశమే. చెట్లు కూలాయి: కిమిసల క్యక్వ.

చోటు చెప్పాల్సి వచ్చినప్పుడు కోటు విప్పుతారు. ఎంజు (ఇల్లు) నుంచి ‘ఎ’ తీసి ‘ము’ పెడితే ‘ముంజు’, ఇంట్లో. ఎమెస నుంచి ‘ఖుమెస’, బల్ల మీద. కుముసిరు (అడవి) నుంచి ‘ముముసిరు’, అడవిలో. మన ‘లో’, ‘మీద’ తోకలో ఉంటాయి, ఇవి తలలో. విచిత్రం ఏమిటంటే ఈ చోటు గుర్తులు కూడా తరగతులే (‘ఖు’ 17, ‘ము’ 18), కాబట్టి క్రియ వాటికి కూడా వంత పాడగలదు. ‘ముముసిరు మ్వక్వమొ కుముసల’ అంటే అడవిలో ఒక చెట్టు కూలింది. కూలింది చెట్టే, కానీ క్రియ మొదట్లో చెట్టు గుర్తు ‘క్వ’ లేదు. అడవి గుర్తు ‘మ్వ’ ఉంది. చివర ‘మొ’ కూడా అడవిలో అని చెప్పేదే.

ఇంకా ముచ్చటైనది మన ‘అని’కి అక్కడి బదులు మాట. ‘వస్తానని చెప్పాడు, వస్తామని చెప్పారు’, మనకి రెండింటిలోనూ ‘అని’ ఒక్కటే. బుకుసులో ఆ ‘అని’ కూడా చెప్పినవాళ్లని బట్టి మారుతుంది. ఒక మనిషి చెబితే ‘ఒముందు కబొల అలి...’, మనుషులు చెబితే ‘బబందు బబొల బలి...’. వినేవాళ్లు ఎంతమందైనా సంబంధం లేదు, చెప్పినవాళ్ల తరగతే లెక్క. భాషాశాస్త్రజ్ఞులు ఈ ఒక్క చిన్న మాట మీద చాలా పేజీలు రాశారు. రాయాల్సిందే మరి.

పడిపోయే గుంతలు

స్వాహిలీ ముందే వచ్చినవాళ్లు, అంటే నైరోబీలో, మొంబాసాలో కొన్నాళ్లున్న మనవాళ్లు, ‘కి’ దగ్గర బోల్తా కొడతారు. స్వాహిలీలో ‘కి-’ ఏకవచనం. బుకుసులో ‘కి-’ నాలుగో తరగతి, బహువచనం. ‘కినొ’ వినగానే ఇదొక్కటి అనుకుంటే తప్పు, ఇవి అని అర్థం.

‘కు’, ‘ఖు’ వేరు. ఒకటి మూడో తరగతి, రెండోది క్రియలదీ ‘మీద’దీ. ఆ గీరుడు ఖ నోటికి రాకపోతే రెండూ కలగాపులగం అవుతాయి.

మూడో గుంత ‘క’. ఆరో తరగతి కర్తకీ క్రియ మీద ‘క’ వస్తుంది, జరిగిపోయిన పని చెప్పేటప్పుడు ఒకటో తరగతికీ ‘క’ వస్తుంది. పైన ‘కబొల’ చూశారుగా. మనిషా, అరటిపళ్లా అన్నది క్రియని చూసి తేల్చలేరు, కర్తని చూడాలి.

చేతికి పని

కింది వాటిని పైకి చూడకుండా రాయండి. మొదటి మూడింటికి బహువచనం, తర్వాతి మూడింటికి బుకుసు.

సికెలె. ఎమొని. కుముర్వె.
నా రెండు పుస్తకాలు. ఈ రాళ్లు. నా రెండు ఆవులు.

జవాబులు: బికెలె, చిమొని, కిమిర్వె. బితబు బ్యంగె బిబిలి. కమబలె కనొ. చిఖఫు చంగె చిబిలి.

చివరిదానిలో మూడు మాటలూ ‘చ’తోనే మొదలయ్యాయి. గట్టిగా పైకి చదవండి: చిఖఫు చంగె చిబిలి. ఈ ప్రాస చెవికి అలవాటైతే ‘చిఖఫు బ్యంగె’ అని ఎవరైనా అన్నప్పుడు, పట్టిక గుర్తు రాకపోయినా, ఎక్కడో పంటి కింద రాయి తగిలినట్టు ఉంటుంది.